గంటా పది నిమిషాల దూరం

ఇరవై ఆరేళ్లుగా హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. కాలం, దూరం పాఠమైతే పుస్తకం తెరవకుండా చెప్పగలను. రెండు రైళ్లు ఎదురెదురుగా బయలుదేరితే ఎక్కడ కలుస్తాయో, నది వాలుకు పడవ ఎంతసేపట్లో పోతుందో నోటికే తేల్చేస్తాను. తేల్చలేని పిల్లల్ని బెంచీ ఎక్కించిన రోజులూ ఉన్నాయి. అలాంటి నేను మా ఊరికి హైదరాబాదు ఎంత దూరమో తేల్చుకోలేక ఈ ఏడాది తల పట్టుకున్నాను. ఇప్పటికీ తేలలేదు.

ఇదంతా మా ఆయన వల్ల వచ్చింది. ఆయన్ని నేను బావ అని పిలుస్తాను. మాది మేనరికమేమీ కాదు, మా వైపు పిలుపు అంతే. బావకు ఉద్దానంలో, సముద్రపు గాలి తగిలేంత దగ్గరలో, కొబ్బరీ జీడీ కలిసిన తోట ఉంది. నాలుగేళ్ల కిందట ఆయన కిడ్నీలు పాడయ్యాయి. మా వైపు ఈ మాట వింటే ఎవరూ ఉలిక్కిపడరు. "నీకూ వచ్చీసినాదా" అని పక్కన కూర్చుంటారు. అప్పట్నుంచి మంగళ, గురు, శనివారాలు పలాసలో డయాలసిస్. పొద్దున్న ఆరింటి బ్యాచ్, నాలుగు గంటలు మంచం మీద. రోజు మొత్తానికి మూడు గ్లాసుల నీళ్లు. తోట నిండా బొండాలున్న మనిషి కొబ్బరినీళ్లు నోట పోసుకోకూడదు. సూదులు గుచ్చడానికి ఎడమ చేతిలో రక్తనాళాలు కలిపి ఆపరేషన్ చేశారు. వేలు ఆనిస్తే లోపల తేనెటీగ ఉన్నట్టు జుయ్యిమంటుంది. ఆ చేత్తో బరువు ఎత్తకూడదన్నారు.

అప్పట్నుంచి మా ఇంట్లో దూరాల లెక్క మారిపోయింది. టెక్కలి ఎంత దూరమంటే బుధవారం వెళ్లి బుధవారం వచ్చేసేంత. శ్రీకాకుళం కూడా అంతే, కాకపోతే ఆదివారమైతే మంచిది, శనికీ మంగళకీ మధ్య రెండు రోజులు ఖాళీ కనుక. హైదరాబాదు మాత్రం ఏ రోజులోనూ ఇమడలేదు. రైల్లో వెళ్లడానికి ఒక రాత్రి, రావడానికి ఒక రాత్రి, కూర్చుని కూర్చుని కాళ్లు వాచిపోతాయి, రైలు ఆలస్యమైతే మంచం పోతుంది. నాలుగేళ్లలో బావ ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదు.

ఆ హైదరాబాదులోనే బావ చెల్లెలు ఉంటుంది. కిందటి మాఘంలో ఆవిడ ఫోన్ చేసి కూతురి పెళ్లి కుదిరిందని చెప్పి, సంతోషపడాల్సింది పోయి ఏడ్చింది.

"లగ్నం శనివారం పడింది అన్నయ్యా. సాయంత్రం ఏడూ ముప్పై రెండుకి. నీ మంచం రోజే. నాను ఏటి సెయ్యను?"

పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావలసింది మేనమామ. ఆ పిల్లకు మేనమామ బావ ఒక్కడే. పైగా ఐదేళ్లు వచ్చేదాకా ఆ పిల్ల మా ఇంట్లోనే పెరిగింది. తోటలో జీడిపిక్కలు ఏరే గంపలో దాన్ని కూర్చోబెట్టుకుని, నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. "పెద్దయ్యాక కూడా ఇలాగే మోత్తావా మావయ్యా" అంటే "మొయ్యక, నిన్ను నేలమీద నడిపిత్తానేటి" అనేవాడు.

"నువ్వు రాలేపోతే బెంగెట్టుకోకు అన్నయ్యా. మా ఆయన వైపు వరసైనోడు ఎవడో ఒకడు ఎత్తుతాడులే," అంది చెల్లెలు. ఆవిడ మంచికే అంది. బావకు మాత్రం ఆ మాట బాగా తగిలింది. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు, నేనేదో లగ్నం పెట్టినట్టు.

మూడో రోజు నేను ఫోను తీసి, విశాఖపట్నం నుంచి హైదరాబాదుకు విమానంలో ఎంతసేపని వెతికాను. గంటా పది నిమిషాలని చూపించింది. గాలిలో దూరం ఐదు వందల కిలోమీటర్లట, రోడ్డు మీద ఆరు వందలు దాటుతుందట. బావకు చదివి వినిపించాను.

"గంటా పదా? మనూరి నుంచి పలాసకి బస్సు అంతసేపే కదేటి," అన్నాడు.

నిజమే. మా ఊరి బస్సు ప్రతి తోట ముందూ ఆగుతూ, ఎక్కేవాళ్లు ఇంట్లోంచి వచ్చేదాకా హారను కొడుతూ, సరిగ్గా గంటా పది నిమిషాలకు పలాసలో దింపుతుంది. ఆయన చెప్పిన పోలికలో తప్పు దొరకలేదు. తప్పు మాత్రం ఎక్కడో ఉందని తెలుస్తోంది. బోర్డు మీద లెక్క చేసేశాక జవాబు చూసి, ఇది ఇంత చిన్నది రాకూడదే అనిపిస్తుంది కదా, అలా ఉంది నాకు.

ఏ విమానాశ్రయానికి వెళ్లాలన్నది ఇంకో గొడవ. మేం విశాఖపట్నానికీ భువనేశ్వరానికీ నడుమ ఉన్నాం. మందస నుంచి వచ్చిన మా పెద్దన్న "భువనేశ్వరమే దగ్గిర, నా మాటిను" అన్నాడు. టెక్కలి చుట్టం "ఒడిశా ఎల్లి హైదరాబాదు ఎల్తారేటి, ఎనక్కెళ్లి ముందుకు రావడం కాదేటది" అన్నాడు. ఇద్దరూ మా వసారాలో గంట సేపు పోట్లాడుకుని, టీ తాగి, తేల్చకుండానే వెళ్లిపోయారు. పటం చూస్తే తేడా ముప్పై, నలభై కిలోమీటర్లకు మించి లేదు. చివరికి తోవ తెలిసిన కారు డ్రైవరు ఉన్నాడని విశాఖపట్నమే ఖాయం చేశాను.

తరవాత కాగితం తీసి లెక్క వేశాను. ఆరు నుంచి పది దాకా మంచం. పదిన్నరకు కారు. రెండున్నరకు విమానాశ్రయం. మూడూ యాభైకి విమానం. ఐదింటికి హైదరాబాదు. లగ్నానికి ఇంకా రెండున్నర గంటలు మిగిలే ఉంది. కింద రెండు గీతలు గీసి, ఆడపడుచుకు ఫోన్ చేసి "ఐదుకల్లా హైదరాబాదులో ఉంటాం" అని చెప్పాను. ఆవిడ అక్కడ అందరికీ "ఐదుకల్లా అన్నయ్య పెళ్లి హాలులో ఉంటాడు" అని చెప్పుకుంది. ఈ రెండూ వేరువేరు మాటలని ఆవిడకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. బావైతే మేనకోడలికి ఫోన్ చేసి మరీ "గంట దూరమే తల్లీ, పలాస ఎల్లొచ్చినట్టు వచ్చీత్తాను" అన్నాడు.

డాక్టరు గారు కూడా సరేనన్నారు. చెయ్యి జాగ్రత్త, నీళ్లు జాగ్రత్త, మంగళవారం మాత్రం తప్పొద్దన్నారు.

శుక్రవారం సాయంత్రం బావ బావి దగ్గరి చెట్టు నుంచి ఒక బొండం దింపించాడు. గంపలో కూర్చునే పెళ్లికూతురు చేతిలో బొండం పట్టుకోవాలి. తొడిమ ఊడకుండా తాడు కట్టి దింపించి, తుడిచి, పసుపు రాసి, తువ్వాలులో చుట్టి పెట్టాడు.

"హైదరాబాదులో రంగులేసి, అద్దాలు అతికించి అమ్ముతారు బావా. ఇది ఎందుకు మోత?" అన్నాను.

"కొబ్బరి తోటున్నోడి మేనకోడలు కొన్న బొండం పట్టుకుంటాదేటి?"

మావైపు మనుషుల సంగతి తెలుసు కనుక ఇక ఆ మాట ఎత్తలేదు. ఎత్తాల్సింది.

శనివారం అనుకున్నట్టే అయింది. పది దాటగానే సూదులు తీసి, చేతికి కట్టు కట్టారు. పక్క మంచం ఆయన, నందిగాం రైతు, ఆరు గంటల బ్యాచ్‌లో మాకు మొదట్నుంచీ తోడు. "బాగా మొయ్యి, గంప పడీకు" అని సాగనంపాడు. కారులో బావ అరగంట నిద్రపోయాడు. డయాలసిస్ అయిన రోజు ఆయన ముఖం వడిలిపోయి ఉంటుంది. భోగాపురం దగ్గర కొత్త విమానాశ్రయం కడుతున్న చోటు కనిపించగానే లేచి "వచ్చీసినామా?" అన్నాడు. అది ఇంకా తెరవలేదని డ్రైవరు చెబితే, "మరి ఏల కట్టినారు ఇక్కడ, మనల్ని తికమక పెట్టడానికా" అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

రెండూ ఇరవైకి లోపలికి వెళ్లాం. నా లెక్క కన్నా పది నిమిషాలు ముందే. నాకు కాస్త గర్వం కూడా వచ్చింది. అది తనిఖీ దగ్గర పోయింది. సంచీలోని బొండం చేత్తో పట్టుకుని లోపలికి తీసుకెళ్లకూడదట. వెనక్కి వెళ్లి సామానులో వేయించుకోమన్నారు. మర్యాదగానే చెప్పారు, వాళ్ల రూలు వాళ్లది. మళ్లీ మొదటికొచ్చి, వరసలో నిలబడి, సంచీకి చీటీ కట్టించుకుని, బెల్టు మీద వేశాం. సంచీ అద్దాల వెనక్కి పోతుంటే బావ చంటిపిల్లను ఎవరికో ఇచ్చినట్టు చూశాడు.

ఈసారి తనిఖీలో ఒక కుర్రాడు బావ ఒళ్లంతా తడిమి, ఎడమ చెయ్యి దగ్గర ఠక్కున ఆగాడు. ఏదో మోగుతోందన్నాడు. బావ కట్టు కనబడేలా చొక్కా చెయ్యి పైకి లాగి, "ఏటీ లేదు బాబూ, నా రక్తమే" అన్నాడు. ఆ అబ్బాయి చెయ్యి తీసేసి నమస్కారం పెట్టాడు. ఎందుకు పెట్టాడో నాకు అర్థం కాలేదు.

విమానంలో నా అయోమయం ఇంకా పెరిగింది. టిక్కెట్టు మీద ప్రయాణం గంటా ఇరవై నిమిషాలని ఉంది. ఫోనులో గంటా పది. పైలట్ మైకులో యాభై నిమిషాల్లో చేరతాం అన్నాడు. మూడింటిలో ఏది నిజమో తెలియలేదు. తలుపు వేసినప్పుడు గడియారం చూశాను, చక్రాలు కదిలినప్పుడు చూశాను, నేల వదిలినప్పుడు చూశాను. ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి? క్లాసులో ఏ పిల్లా ఈ ప్రశ్న అడగలేదు. అడిగితే నేను బెంచీ ఎక్కించేదాన్నేమో.

బావ కిటికీకి ముఖం ఆనించి కిందకే చూస్తున్నాడు.

"మన తోట ఎటు?"

"అది వెనకాల ఉండిపోయింది బావా. మనం ఇటు వెళ్తున్నాం."

"ఇంత బేగి ఎనక్కి పోనాదా," అన్నాడు. దాహం వేస్తున్నట్టుంది, పెదాలు తడుపుకున్నాడు. మూడో గ్లాసు పెళ్లిలో తాగుతానని దాచుకున్నాడు.

ఐదూ ఐదుకు హైదరాబాదులో దిగాం. ఆడపడుచుకు ఫోన్ చేసి "వచ్చేశాం" అన్నాను. అవతల అందరూ సంతోషంగా ఏదో అరవడం వినపడింది. ఆ తరవాత మేం సామాను తిరిగే బెల్టు దగ్గర నిలబడ్డాం. బెల్టు తిరుగుతోంది, మా సంచీ రాదు. పెట్టెలు, అట్టపెట్టెలు, ఎవరిదో పిల్లల సైకిలు వచ్చాయి. ఐదూ ఇరవై అయింది. ఐదున్నర అయింది.

"వదిలేద్దాం బావా. లగ్నం దాటిపోతుంది."

"వదిలీడానికా అక్కడ్నుంచి తెచ్చినాను?"

"బొండం ముఖ్యమా, నువ్వు ముఖ్యమా?"

ఆయన నా వంక చూడలేదు. "బొండం లేకుండా గంపలో ఏటి కూకుంటాది," అన్నాడు. నాకు కోపం వచ్చి పక్కకు వెళ్లి నిలబడ్డాను. ఆ కోపం ఆయన మీద కాదు. రెండు గంటల్లో పిల్లను ఎత్తాల్సిన మనిషి ఒంట్లో అసలు నిలబడే ఓపిక ఉందా అన్న భయమది. ఐదూ నలభై ఐదుకు సంచీ వచ్చింది.

కారెక్కి కూకట్‌పల్లిలో హాలు పేరు చెబితే, డ్రైవరు ఫోను చూసి గంటా పది పడుతుందన్నాడు. బావ నవ్వాడు. "మళ్లీ పలాసే," అన్నాడు. శనివారం సాయంత్రం, ఊరంతా పెళ్లిళ్లే. నలభై నిమిషాలు పోయాక మళ్లీ అడిగితే, ఇంకా గంటా పది అన్నాడు. దగ్గరికి వెళ్తున్నకొద్దీ దూరం తరక్కపోవడం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మాకూ లగ్నానికీ మధ్య ఇంకా ఎన్ని కిలోమీటర్లని కాకుండా ఎన్ని ఎర్ర లైట్లని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆ లెక్కా తప్పింది.

ఏడూ పదికి ఆడపడుచు ఫోన్. "ఎక్కడున్నారు వదినా? గౌరీపూజ అయిపోయింది. పంతులు గారు తొందర పెడతన్నారు."

బావ ఫోను నా చేతిలోంచి తీసుకుని మేనకోడలికి ఇమ్మన్నాడు. ఆ పిల్ల గొంతు నాకూ వినిపిస్తోంది.

"గంట దూరమే అన్నావు కదా మావయ్యా."

బావ ముందున్న బస్సు వెనక అద్దం వైపు చూస్తున్నాడు. తరవాత అన్నాడు, "తప్పు నాదే తల్లీ. నాకు దూరం తెల్లేదు. నాకోసం ఆగకు. ఎవులు ఎత్తినా పరవాలేదు, కూకో."

నాలుగేళ్లలో సూది గుచ్చినప్పుడు కూడా చెమ్మగిల్లని కళ్లు ఆ పూట చెమ్మగిల్లాయి. లెక్క వేసింది నేను. కాగితం కింద రెండు గీతలు గీసింది నేను.

మేం హాలు చేరేసరికి ఎనిమిదికి రెండు నిమిషాలు తక్కువ. జీలకర్ర బెల్లం అయిపోయింది, మంగళసూత్రం కట్టేశాడు, తలంబ్రాలు పోసుకుంటున్నారు. పెళ్లికూతురి గది ముందు, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టిన కొత్త గంప ఖాళీగా ఉంది. అందులో బావ కోసం కొన్న పంచెల చాపు, దాని మీద బజారులో కొన్న అద్దాల బొండం పెట్టి ఉన్నాయి. ఎవరు ఎత్తారని అడిగాను.

"ఎవులూ ఎత్తలేదు వదినా," అంది ఆడపడుచు. "ఎవుల్నీ ముట్టనివ్వలేదు. నడిసే ఎల్లింది. పెద్దోళ్లు ఇదేటి పద్ధతని గొణిగినారు కూడా."

బావ గంప దగ్గరే నిలబడిపోయాడు. సంచీలోంచి తువ్వాలు మూట తీసి, విప్పి, బొండం చేత్తో పట్టుకుని, ఇప్పుడు దీన్నేం చెయ్యాలన్నట్టు నా వంక చూశాడు. నాకూ తెలియలేదు. అంత దూరం నుంచి తెచ్చిన వస్తువు ఎవరికీ అక్కర్లేకుండా పోతే దాన్ని ఎక్కడ పెట్టాలి?

మండపం మీద నుంచి ఆ పిల్ల మమ్మల్ని చూసింది. తలంబ్రాల పళ్లెం పక్కకు పెట్టి, పక్కన కూర్చున్న మొగుడితో ఏదో చెప్పింది. ఇద్దరూ కొంగుముడితోనే దిగి వచ్చారు. వెనక వీడియో తీసేవాళ్లు, పంతులు గారు, ఏం జరుగుతోందో తెలియక సగం పెళ్లి. ఆ పిల్ల పంచెల చాపు తీసి నా చేతికిచ్చి, అద్దాల బొండం తల్లి చేతిలో పెట్టి, బావ చేతిలోని పచ్చి బొండం తీసుకుని, గంపలో కూర్చుంది.

"ఇప్పుడు ఎత్తు మావయ్యా."

"ఇప్పుడేటి, లగ్నం అయిపోనాక?"

"అయిపోతే అయిపోయింది. ఎత్తు."

బావ వంగాడు. రెండు చేతులూ గంప అంచు మీదికి పోతున్నాయి. "చెయ్యి," అని అరిచాను. ఆయన ఎడమ చెయ్యి వెనక్కి తీసి నడుముకు ఆనించుకున్నాడు. కుడి చెయ్యి ఒక్కటే గంపకు వేశాడు. రెండో వైపు పెళ్లికొడుకు పట్టాడు, వెనక వాళ్ల చుట్టాలు ఇద్దరు పట్టారు. గంప నేల నుంచి జానెడు లేచింది. మండపం వైపు రెండడుగులు వేశారు. నేను "చాలు" అన్నాను. దించేశారు. ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది. బావ కుర్చీలో కూలబడి, దాచుకున్న మూడో గ్లాసు నీళ్లు అడిగాడు.

ఆదివారం సాయంత్రం విమానంలో వచ్చేశాం. మంగళవారం ఆరింటికి మంచం మీద ఉన్నాం. బరువు చూస్తే మూడున్నర కిలోలు ఎక్కువ వచ్చాడు. నర్సమ్మ నన్నే కోప్పడింది, నేనే నీళ్లు పోసినట్టు.

పక్క మంచం నందిగాం ఆయన అడిగాడు, "ఏటి, ఎంత దూరముంటాది హైదరాబాదు?"

బావ ఆలోచించాడు. "తెల్దు," అన్నాడు.

"గంప మోసినావా?"

"మోసినాను."

"ఎంత దూరం?"

"రెండడుగులు."

నందిగాం ఆయన తలాడించాడు. చాలాసేపు పైన తిరిగే ఫ్యాను చూస్తూ పడుకున్నాడు. తరవాత మెల్లగా నా వైపు తల తిప్పాడు.

"టీచరమ్మా, మా మేనకోడలికి బెంగుళూరులో సంబంధం కుదిరింది. ఇమానంలో ఎంతసేపో మీ ఫోనులో సూసి సెప్పండి."

ఫోను తీశాను. ఏదో గంటలూ నిమిషాలూ చూపిస్తోంది. చదివి చెప్పబోయి ఆగిపోయాను. ఫోను సంచీలో పెట్టేసి, స్టూలు ఆయన మంచం దగ్గరికి జరుపుకున్నాను.

"ముందు లగ్నం ఏ వారం పడిందో చెప్పండి," అన్నాను.